మీ పేరు ఉండాల్సిన చోట

శామీర్‌పేట,
11 నవంబర్ 2024.

డాక్టర్ కావ్య గారికి, తారాబాయి నమస్కారాలు.

మీరు నన్ను ఎరగరు. నేను గూడ మిమ్మల్ని చూడలేదు. అయినా మీ చేతి పని ఒకటి నా దగ్గర మూడేండ్ల సంది ఉన్నది. అది మీదని నాకు పోయిన నెలనే తెలిసింది. అందుకే ఈ ఉత్తరం.

మీ ప్రోగ్రాం కింద ఉన్న ఈమెయిల్‌కు రాస్తే తిరిగొచ్చింది. మీరు చదివిన కాలేజీకి పోయి అడిగితే, మీరు పశువుల డాక్టరుగ అమ్రాబాద్ దిక్కు నౌకరి చేస్తున్నరని ఆఫీసుల ఒకాయన చెప్పిండు. ఫోన్ నంబరు గూడ ఇచ్చిండు గని ఎన్నిసార్లు చేసినా కలువలేదు. ఇసొంటి మాట ఫోన్ల చెప్పేది కాదని నాకే అనిపించి రిజిస్టర్ పోస్టుల పంపుతున్న.

శామీర్‌పేటల హైవే పక్కన, టైర్ల దుకాణం మీద నాకొక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు ఉంది. అందరం కలిసి నలుగురం. కోళ్ల ఫారాల కోసం ‘కూత’ అనే ప్రోగ్రాం చేసి ఇస్తున్నం. షెడ్డుల వరుసకొక పాత ఫోన్ వేలాడదీస్తే అది కోళ్ల సప్పుడు వింటది. ఏ వరుసలనన్న కోళ్లు గురక పెడితే రైతుకు ఫోన్ చేసి ఆయనకొచ్చే భాషల చెప్తది. కొక్కెర తెగులు షెడ్డంత అంటుకోకముందే ఆ కోళ్లను పక్కకు పెట్టుకోవచ్చు. మా నాయిన మొగులయ్యకు మూడుచింతలపల్లిల షెడ్డుండె. ఒక్క చలికాలంల మొత్తం ఊడ్చుకపోయింది. గా బాధ చూసినదాన్ని గనుకనే, మేడ్చల్‌ల పిల్లలకు కంప్యూటర్ నేర్పుకుంట బతికేదాన్ని, ఆ పని ఇడిసిపెట్టి ఇందుల దిగిన.

కూతకు పాణం లాంటి ముక్క ఒకటుంది. పెద్ద ఫ్యాన్ల రొదలకెల్లి కోడి గురకను ఏరి పట్టుకునే ముక్క. అది మా దగ్గర పనిచేసి వెళ్లిపోయిన నగేష్ రాసిండనుకున్న. ఆయన గూడ అట్లనే చెప్పిండు. మొన్న మా తేజస్వి, నా దగ్గర ప్రోగ్రాములు రాసే పిల్ల, ఒక్కొక్క ముక్క ఎక్కడికెల్లి వచ్చిందో చూసుకుంట పోతుంటె, అది ఐదేండ్ల కింద మీరు నెట్‌ల పెట్టిందని తేలింది. లెక్క అదే, వరుస అదే. మీరు పైన రాసుకున్న నాలుగు మాటలు మాత్రం మా దాంట్ల లేవు. ఇది రాసింది కావ్య అని, చదువుకోనీకి, రైతు సొంతానికి ఎవరన్న వాడుకోవచ్చని, అమ్ముకునేటోళ్లు అడగాలని, పేరు తీసెయ్యొద్దని మీరు రాసిన్రు. ఎవరో వాటిని తీసేసిన్రు.

తీసింది ఎవరైనా ఆఫీసు నాది, అమ్మింది నేను. చట్టం ముందు ప్రోగ్రాం రాసుడు గూడ పుస్తకం రాసుడు లాంటిదే. ఇంకొకరి పుస్తకం మీద అట్ట మార్చి అమ్మినట్టు అయింది మా పని. క్షమించుమని అడుగుతున్న.

రేపటి సంది మీ ముక్కను కూతల ఆపేస్తున్న. మీరు సరే అనేదాక అది నడువది. వద్దంటే తీసేసి, ఎన్ని రోజులు పట్టినా మేమే కొత్తది రాసుకుంటం. ఉండనియ్యమంటే మీ పేరు తోటి, మీరు చెప్పిన షరతు మీద ఉంచుతం.

మీ జవాబు కోసం చూస్తుంట.

తారాబాయి

*

అమ్రాబాద్,
24 నవంబర్ 2024.

తారాబాయి గారికి,

మీ ఉత్తరం అందింది. పోస్ట్‌మాన్ భిక్షం దాన్ని పట్టుకుని దవాఖానకు వచ్చినప్పుడు నేను ఒక బర్రెకు కాన్పు చేస్తున్నాను. మోచేతుల దాకా చేతులు ఖరాబై ఉన్నాయి. "సంతకం పెట్టాలె మేడం, రిజిస్టర్‌ది. కోర్టు కాగితమా ఏంది?" అని ఆయన భయపడ్డాడు. దూడ బయటపడి, నేను చేతులు కడుక్కునేదాకా కదలకుండా కూర్చున్నాడు.

ఇక్కడ మా క్వార్టర్‌లో సిగ్నల్ ఉండదు. మీ ఫోన్ కలవకపోవడం మీ తప్పు కాదు.

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. కోపం వచ్చింది. రాలేదంటే అబద్ధం. ఆ ముక్క నా చదువులో భాగం కాదు. మా సారు "ఇది పశువైద్యం కాదమ్మా, ఇంజనీర్ల పని" అని పక్కన పెట్టించారు. నా పాత ల్యాప్‌టాప్ మీద, కాలేజీ కోళ్ల షెడ్డులో స్టూలు వేసుకుని కూర్చుని, రెండేళ్లు రాశాను. నెట్‌లో పెట్టినప్పుడు ఎవరైనా ఒక్క ఉత్తరం రాస్తారని చూశాను. ఎవరూ రాయలేదు. తర్వాత ఉద్యోగం, ఈ అడవి అంచు, గొర్రెలు, మేకలు, బర్రెలు. నా చుట్టూ ఒక్క కోళ్ల ఫారం లేదు. ఆ పనిని ఎవరూ ముట్టుకోలేదనే అనుకున్నాను.

ఈ ఐదేళ్లలో దాని గురించి నాకు రాసింది మీరొక్కరే. తీసుకున్నాక ఎవరూ ఇలా రాయరు. దొరికిపోతే రాస్తారు. మీరు దొరకకుండానే రాశారు.

నా ముక్కను ఆపేశామన్నారు. చలికాలం మొదలైంది, తెగులు తిరిగే కాలం ఇదే. నేను ముందు డాక్టర్ని. నా పేరు కోసం అక్కడ కోళ్లు చావొద్దు. ఈ ఉత్తరం అందిన రోజే దాన్ని మళ్లీ నడిపించండి. నా పేరు పెట్టండి. మిగతా షరతులు నిదానంగా మాట్లాడుకుందాం.

ఒక్కటి అడగాలనిపించింది. మూడేళ్లు ఎవరూ చూడనిది ఇప్పుడెందుకు ఒక్కొక్క ముక్కా వెతికి చూశారు?

కావ్య

*

శామీర్‌పేట,
3 డిసెంబర్ 2024.

డాక్టరమ్మకు నమస్కారాలు.

మీ ఉత్తరం చేతికొచ్చిన గంటలనే కూతను మళ్ల నడిపించినం. ఆపిన రోజుల సంది రైతులు నన్ను తిట్టని తిట్టు లేదు. తుర్కపల్లి గౌరయ్యకైతే మస్తు కోపం. కూత మొదటిసారి వేలాడదీసింది ఆయన షెడ్డులనే. "పైసలు తీసుకుని చెవుల దూది పెట్టుకున్నవా తారక్కా?" అని ఆఫీసు మెట్ల మీదనే అరిసిండు. సంగతేందో చెప్పిన. గౌరయ్య "అయితే ఆ డాక్టరమ్మను జల్దీ అడుగు" అనుకుంట మెట్లు దిగిండు.

ఇప్పుడు కూత తెరువంగనే మొదటి తెర మీద "గురకను పట్టే పద్ధతి: డాక్టర్ కావ్య" అని కనపడుతది. తేజస్వి అక్షరాలు పెద్దగ పెట్టింది. ప్రోగ్రాం లోపల, మీ ముక్క మీద, మీ నాలుగు మాటలు మీరు రాసినట్టే తిరిగి పెట్టినం.

మీరడిగిన దానికి జవాబు ఇప్పుడు రాయలేను. ఆఫీసు కాగితాలు సరిచేసుకునే పని పడ్డది, దాంట్ల బయటపడ్డది. అంతవరకే రాయగలుగుత. మన్నించండి.

మీరు చలికాలంల కోళ్లు చావొద్దన్న మాట మా నలుగురికి చదివి వినిపించిన. తేజస్వి గోడకు తిరిగి కండ్లు తుడుసుకుంది. మీసొంటి మనిషి పేరు తీసేసి మేం అమ్ముకున్నమంటే నాకు తినబుద్ధి అయితలేదు.

తారాబాయి

*

అమ్రాబాద్,
9 జనవరి 2025.

తారాబాయి మేడం గారికి,

నిన్న ఇద్దరు కారులో వచ్చారు. ఒకరు మాదాపూర్‌లో ఉన్న ఒక పెద్ద కంపెనీ మేనేజరు, ఇంకొకరు వాళ్ల లాయరు. వాళ్లు చెప్పింది మీకు తెలిసిందే, అయినా రాస్తున్నాను.

వాళ్లు మీ సాఫ్ట్‌వేర్ దొంగిలించారని మీరు సెప్టెంబర్‌లోనే కోర్టుకు వెళ్లారట. మీ నగేష్ ఇప్పుడు వాళ్ల దగ్గరే పని చేస్తున్నాడట. నా ముక్క సంగతి వాళ్లకు చెప్పింది కూడా అతనే. "దొంగతనం అని మా మీద కేసేసిన ఆమే అసలు దొంగ మేడం" అన్నాడు లాయరు. ఒక కాగితం బల్ల మీద పెట్టాడు. కూత అంతా నా పని నుంచి తీసిందేనని, నా హక్కులన్నీ వాళ్లకు ఇచ్చేస్తున్నానని అందులో ఉంది. మంచి ధర ఇస్తారట.

నేను అడిగాను కదా, ఇప్పుడెందుకు వెతికారు అని. మీరు "ఆఫీసు కాగితాలు" అన్నారు. కోర్టు అనే మాట మీ రెండు ఉత్తరాల్లోనూ లేదు.

నవంబర్‌లో మీరు నాకు రాసింది క్షమాపణా, లేక మీ కేసు కోసం సాక్షిని వెతుక్కోవడమా? ఆ ఉత్తరం నా పెట్టెలో దాచుకున్నాను. ఇప్పుడు తీసి చదివితే ఒక్కొక్క మాటా వేరేగా కనిపిస్తున్నది.

వాళ్లు రెండు వారాల్లో మళ్లీ వస్తారు. సంతకం పెట్టాలా వద్దా అన్నది నా ఇష్టం. మీ జవాబు వస్తే చదువుతాను.

కావ్య

*

శామీర్‌పేట,
18 జనవరి 2025.

డాక్టరమ్మా,

మీ కోపం న్యాయమే. ఇగ ఏదీ దాయను.

నగేష్ పోయిన మార్చిల మా దగ్గర మానేసి పోయిండు. శ్రావణంల గౌరయ్య తన ఫోన్ తెచ్చి, "తారక్కా, కూతకు రంగు మార్చినవా?" అని చూపెట్టిండు. అది కూత కాదు. మాదాపూర్ కంపెనీది. పేరు వేరే, తెరలు వేరే. రైతుకు చెప్పే మాటలు మాత్రం మావే. "మూడో వరుస చూడండి, గురక వినపడుతున్నది" అని నేను రాసిన మాట, కామా గూడ మారకుండ ఉంది. నాలుగు చలికాలాలు షెడ్డు షెడ్డు తిరిగి మేం రికార్డు చేసుకున్న సప్పుళ్ల మీద నేర్పిన పని అది.

మేడ్చల్‌ల దేవేందర్ అని లాయరు దగ్గరికి పోయి కేసేసిన. "మేడం, మీది మీదేనని చూపెట్టాలంటె, ఏ ముక్క ఎవరు ఎప్పుడు రాసిన్రో మొత్తం తియ్యాలె" అన్నడు. తేజస్వి అదే తీస్తుంటె మీ ముక్క బయటపడ్డది.

దేవేందర్ చెడ్డోడు కాదు. ఆయన పని ఆయన చేసిండు. "ఇది వాళ్లకు తెల్వకపోవచ్చు. మనం చెప్పొద్దు. చెప్తే కేసు కూలిపోతది" అన్నడు.

"నా పని ఎత్తుకపోయిన్రని ఏడ్సుకుంట కోర్టుకు పోయిన. ఇంకొకామె పని నా సంచిల ఉందని తెలిసి గూడ, జడ్జి ముందు ఏ ముఖం పెట్టుకుని నిలబడాలె దేవేందర్?" అన్న.

ఆయన ఫైలు మూసి పక్కకు పెట్టిండు. తర్వాత "సరే, ఆమెకు రాయండి. కేసు సంగతి మాత్రం రాయకండి. సాక్షిని తయారు చేసుకుంటున్నరని వాళ్లంటరు" అన్నడు. నేను ఆ మాట విన్న. మీకు చెప్పకుంట ఉంటే మీరు ఎవరి దిక్కూ మొగ్గకుండ మీ మనసుకు వచ్చింది చేస్తరనుకున్న. మీరు సూటిగ అడిగినప్పుడన్న చెప్పాల్సి ఉండె. చెప్పలేదు. ఆ తప్పు నాదే.

ఈ ఉత్తరంతో ఒక కాగితం జతచేసిన. అది మీ ఉత్తరం అందిన రోజే, నిన్న, నేను కోర్టుల వేసిన అఫిడవిట్. ఫ్యాన్ల రొదలకెల్లి గురకను పట్టే ముక్క నాది కాదని, డాక్టర్ కావ్యదని, ఆమె పేరు తీసేసి మేం మూడేండ్లు అమ్మినమని, దాని మీద నాకే హక్కూ లేదని రాసిచ్చిన. మీరు ఆ కాగితం మీద సంతకం పెట్టినా పెట్టకున్నా ఇది కోర్టుల ఉంటది. కేసు కూలితే కూలనీ.

మీ పని వాళ్లకు అమ్ముకుంట అంటే అమ్ముకోండి, అది మీ సొంతం. ఒక్కటే అడుగుత. "మొత్తం నాదే" అని మాత్రం రాసియ్యకండి. ఎందుకంటె అది నిజం కాదు. రైతు మాటలు, నాలుగు చలికాలాల సప్పుళ్లు, గాలాడే షెడ్డులకు సరిపోయేటట్టు చేసిన మార్పులు, అవి మావి. మీది మీదే, మాది మాదే.

నాకు సాయం చెయ్యమని అడుగుతలేను. మీరు మళ్ల ఉత్తరం రాయకున్నా ఏమనుకోను.

తారాబాయి

*

అమ్రాబాద్,
22 జనవరి 2025.

తారాబాయి గారికి,

వాళ్లు నిన్న వచ్చారు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

లాయరు కాగితం, పెన్ను రెండూ నా ముందు పెట్టాడు. నేను మేనేజరును అడిగాను. "మీ సాఫ్ట్‌వేర్‌లో నా పని ఉందా సార్?"

"లేదు మేడం. మాదంతా మా పిల్లలు సొంతంగా రాసిందే. కోర్టుకు కూడా అదే రాసిచ్చినం."

"మరి లేని దానికి నా హక్కులు కొనడమెందుకు?"

ఆయన లాయరు వైపు చూశాడు. లాయరు "ముందు జాగ్రత్త కోసం" అన్నాడు. "అయితే లోపల ఏముందో ఒక్కసారి నాకు చూపించండి, చూశాక సంతకం పెడతా" అన్నాను. అది కుదరదట, కంపెనీ రహస్యమట. నా పని నాకే చూపించనంత రహస్యం ఏముంటదో నాకర్థం కాలేదు. కాగితం మడిచి ఆయన చేతిలో పెట్టిన. బయట గొర్రెలకు టీకాలు వేసేది ఉంది, పోవాలె అని చెప్పిన. వాళ్లు టీ కూడా తాగకుండా పోయిన్రు.

మీరు పంపిన అఫిడవిట్ మీద తేదీ చూసిన. నా కోపపు ఉత్తరం మీకు చేరి ఒక్కరోజు కూడా కాకముందే అది కోర్టులో పడ్డది. నేను ఏం చేస్తనో తెలియకముందే, మీ లాయరు వద్దన్న మాటను, మీ కేసును ముంచే మాటను మీ చేత్తోనే రాసిచ్చిన్రు. గెలవాలని కోర్టుకు పోయినవాళ్లు ఎవరూ చెయ్యని పని అది. ఆ కాగితం చదివినంక, మీరు నాకు దాచిన సంగతి నా మనసులకెల్లి పోయింది.

నేను కోర్టుకు వస్తున్న. మీ దిక్కు సాక్షిగా కాదు. వాళ్ల సాఫ్ట్‌వేర్‌లో నా పని ఉన్నదని, చూడనియ్యమని, నా తరఫున నేనే అడుగుత. నాగర్‌కర్నూల్‌లో ఒక లాయరును మాట్లాడుకున్న. మీ దేవేందర్ గారికి చెప్పండి, మనిద్దరం అప్పటిదాకా ఫోన్లో కూడా మాట్లాడుకోవద్దు. ఎవరు ఏమన్నా మనం నేర్చుకుని వచ్చి చెప్పినట్టు ఉండొద్దు.

మీ నాలుగు చలికాలాల పని మీది. అది ఎవరు అడిగినా నేను చెప్త.

కావ్య

*

మేడ్చల్,
2 ఏప్రిల్ 2025.

కావ్యా, బిడ్డా,

ఇగ మాట్లాడుకోవచ్చని దేవేందర్ చెప్పిండు. అందుకే ముందు నీకే రాస్తున్న. నువ్వు అని రాసిన, ఏమనుకోకు. ఆ రోజు కోర్టుల నిన్ను చూసినంక మీరు అనుడు నాతోని అయితలేదు.

కోర్టు పంపిన నిపుణుడు రెండు సాఫ్ట్‌వేర్లు పక్కపక్కన పెట్టి చూసి, వాళ్ల దాంట్ల నీ ముక్క, దాని మీద మేం చేసిన మార్పులు, రెండూ ఉన్నయని రాసిచ్చిండు గద. అయినా వాళ్లు ఒప్పుకోలేదు. "ఒకే పని చేసే ప్రోగ్రాములు ఒక్కతీరుగనే ఉంటయి" అన్నడు వాళ్ల ఇంజనీరు. అది వినేటోళ్లకు నిజమే అనిపిస్తది.

అప్పుడు జడ్జి గారు నిన్ను అడిగిన్రు. ఇది మీదేనని ఎట్ల చెప్తరమ్మా అని. నేను ఎనక బెంచీ మీద కూసున్న. నువ్వు కాగితాలు పక్కకు పెట్టి చెప్పినవు.

"సార్, మా కాలేజీ షెడ్డులో ఒక నల్లా కారుతుండె. బొట్టు రేకు డబ్బాలో పడితే అచ్చం కోడి గురక లెక్క వినపడుతుండె. ఆ నల్లాను బాగుచేయించమని ఎంత అడిగినా చేయించలేదు. అందుకే ఒకే ఎడంతో మళ్ల మళ్ల వచ్చే సప్పుడును వదిలెయ్యమని ప్రోగ్రాంలో రాసిన. కోడి ఎప్పుడూ ఒకే ఎడంతో గురక పెట్టదు. అది వీళ్ల దాంట్లో కూడా ఉంది. వీళ్ల దగ్గర ఏ నల్లా కారిందో చెప్పమనండి."

జడ్జి గారు ఆ ఇంజనీరు దిక్కు తిరిగిన్రు. ఆ పిలగాడు కాగితాలు తిరగేసిండు, తిరగేసిండు, ఆఖరికి వాళ్ల లాయరు దిక్కు చూసిండు. మూడేండ్లు అది మా దాంట్ల ఉంది, ఎందుకుందో నాకు గూడ తెల్వది. కారే నల్లాను ఎవరన్న తిట్టుకుంటరు. నువ్వు దాన్ని గూడ లెక్కల పెట్టినవు. రాసినోళ్లకు తెలిసినట్టు ఎత్తుకపోయినోళ్లకు తెల్వదని నాకు గా రోజు తెలిసింది.

మీ లాయరు బస్సుకు టైమైందని నిన్ను తీసుకపోయిండు. తర్వాత జరిగింది నువ్వు చూడలేదు. "మొత్తం సొంతంగ రాసినం" అని ప్రమాణం చేసి ఇచ్చిన కాగితాన్ని జడ్జి గారు చదివించి, ఇది తప్పని తేలితే ఏమైతదో తెలుసా అని అడిగిన్రు. వారం తిరగకముందే వాళ్లు రాజీకి వచ్చిన్రని మీ లాయరు నీకు చెప్పే ఉంటడు. ఆ సాఫ్ట్‌వేర్ మార్కెట్లకెల్లి తీసేస్తరు. నీ పని, మా పని వాడుకున్నమని రాతపూర్వకంగ ఒప్పుకున్నరు. కోర్టు దాన్ని రికార్డు చేసింది. నీ పేరు తోటి ఉన్న కాపీ దీంతోని పంపుతున్న.

నా అఫిడవిట్‌తోని కేసు కూలుతదన్న దేవేందర్, మెట్లు దిగుకుంట ఏమన్నడో తెలుసా? "మేడం, మీరు ఆ రోజు నా మాట వినకపోవుడే మంచిదైంది. మీరు దాచి ఉంటే, వాళ్లు ఆమెను తెచ్చి మన మీదనే నిలబెట్టేటోళ్లు" అన్నడు.

గేటు దగ్గర నగేష్ ఎదురొచ్చిండు. తల ఎత్తలేదు. "మేడం, నన్ను గూడ కేసుల ఇరికిస్తరా?" అన్నడు. నేను కోపంగనే ఉన్న. అయినా ఒక మాట చెప్పాల్సి ఉండె. "నువ్వు సొంతంగ రాసినయి కూతల ఇంకా ఉన్నయి నగేష్. రైతును బట్టి ఫోన్ల భాష మార్చేది నువ్వు రాసిందే. దాని మీద నీ పేరు అట్లనే ఉంది, మేం తియ్యలేదు. నీకు రాసే తెలివి ఉన్నది, తీసుకపోవాల్సిన అవసరం ఏముండె?" అన్న. ఆయన గోడకు ఆనుకుని నిలబడ్డడు. నేను వచ్చేసిన.

కేసు ఖర్చులకు శామీర్‌పేట ఆఫీసు ఖాళీ చేసినం. ఇప్పుడు మా ఇంటి ముందర గదిల నడుస్తున్నది, అందుకే పైన మేడ్చల్ అని రాసిన. దాని గురించి పరేషాన్ కాకు. మనిద్దరి ఒప్పందం కాగితం తయారైంది. నీ షరతులు నువ్వే రాసుకో. సంతకానికి ఒకసారి ఇటు రా. నీ పని షెడ్డుల ఎట్ల వింటదో నువ్వు ఇప్పటిదాక చూడనే లేదు గద.

మీ తారక్క

*

అమ్రాబాద్,
6 మే 2025.

తారక్కకు,

క్షేమంగా చేరిన. బస్టాండులో మీరు కొనిచ్చిన మామిడిపండ్లు అచ్చంపేట దాటకముందే ఒడిసిపోయినయి. పక్క సీటు అవ్వ, నేను కలిసి తిన్నం.

మీ ఇంటి ముందర గదిలో, కుట్టుమిషన్ పక్కన కూసుని తేజస్వి పనిచేసుడు చూసినప్పటి నుంచి నా మనసు అక్కడనే ఉంది. ఆఫీసు పోయిందని మీరు ఒక్కమాట కూడా బాధగా అనలేదు. నా షరతులు నన్నే రాసుకోమన్నరు గాని, నేను తక్కువ రాస్తే మీరే కొట్టేసి ఎక్కువ రాసిన్రు. ఒప్పందం అట్ల రాసేటోళ్లను నేను ఎక్కడా చూడలేదు.

సాయంత్రం గౌరయ్య షెడ్డుకు పోయినం గద. మీరు బయట ఆయన భార్య బాలనర్సమ్మతోని మాట్లాడుతున్నరు, నేను లోపలికి పోయిన. అప్పటికి నేను ఎవరో ఆయనకు తెల్వది. ఎవరో చుట్టం పిల్ల అనుకున్నడు.

"గిది చూసినవా బిడ్డా? గీ ఫోన్ వింటది" అని నాకు చూపెట్టిండు. "ఫ్యాన్లు ఎంత కొట్టుకున్నా సరే, కోడి గొంతుల గురక దీనికి దొరుకుతది. మా చెవులకు దొరకదు. మొన్న చలికాలంల నాలుగో వరుసల అని చెప్పింది. పోయి చూస్తే రెండు కోళ్లు మెడ సాపి కూసున్నయి. ఎంటనే తీసి అవతల పెట్టిన. షెడ్డు మొత్తం నిలబడ్డది."

నేను ఆ వరుస దగ్గర నిలబడి విన్న. ఫ్యాన్లు, దాణా గింజల సప్పుడు, వందల గొంతులు. నా చెవులకు కూడా ఏం దొరకలేదు. ఐదేండ్ల కింద స్టూలు మీద కూసుని రాసింది ఇక్కడ, నేను లేకుండా, ఈ మనిషి కోసం పనిచేస్తున్నది. అక్కా, ఆ ఫోన్‌ను ఒకసారి చేత్తోని ముట్టి చూసిన.

అప్పుడు మీరు లోపలికి వచ్చి, "గౌరయ్యా, ఆమెకే చెప్తున్నవా? రాసిందే ఆమె. తెర మీద పేరు చదవలేదా?" అన్నరు.

ఆయన పొగుడుతడనుకున్న. దండం పెడుతడేమో అని సిగ్గుపడ్డ. గౌరయ్య నన్ను కిందికి మీదికి చూసి, "నువ్వేనా! మంచిగ దొరికినవ్ డాక్టరమ్మా. వాన పడితే నీది ఆగమాగం అయితున్నది. రేకుల మీద చినుకు పడంగనే గురక, గురక అని ఫోన్ కొడుతది. పోయిన వానాకాలం నేను ఎన్నిసార్లు ఉత్తగనే ఉరికిన్నో తెలుసా? మీ అక్కకు చెప్తే, అది మాకు రాదు, రాసినోళ్లను అడగాలె అన్నది. ఆ రాసినోళ్లు ఎవరో, ఏడున్నరో గప్పుడు ఎవరికి తెలుసు!" అని గట్టిగ అరుసుకున్నడు.

మీరు కొంగు అడ్డం పెట్టుకుని నవ్విన్రు. నేను నవ్వలేదు. ఇన్నేండ్లల్ల నా పని గురించి నన్ను అడిగిన మొదటి మనిషి ఆయన. నా పేరు అక్కడ ఉంది గాబట్టి అడిగిండు.

బస్సులో అంతసేపు అదే ఆలోచించుకుంట వచ్చిన. నల్లా బొట్టు ఒకే ఎడంతో పడుతది, అందుకే దొరికింది. వాన అట్ల పడది. చినుకు మొదలైనప్పుడు ఒక తీరు, ముసురు పట్టినప్పుడు ఒక తీరు. కాలేజీ షెడ్డుకు స్లాబు ఉండె, రేకుల మీద వాన ఎట్ల ఉంటదో నేను వినలేదు. ఇది కొత్తగ రాయాలె.

మొదటి వాన పడంగనే గౌరయ్య షెడ్డులో నాలుగు వరుసలది రికార్డు చేసి పంపమని తేజస్వికి చెప్పండి. కోళ్లు ఉన్న షెడ్డుది ఒకటి, ఖాళీ షెడ్డుది ఒకటి కావాలె. సిగ్నల్ కోసం నేను కొండ మీది గుడి దాక ఎక్కుత, అక్కడ దింపుకుంట. ఈ ముక్క మీ సప్పుళ్లు, నా లెక్క కలిసి అయితది గనుక, తేజస్వి పేరు కూడా మొదటి రోజే పైన రాద్దాం.

గౌరయ్యకు చెప్పండి, ఈ వానాకాలం ఆయన ఉత్తగ ఉరకకుంట చూస్త.

మీ కావ్య